వెండెలిన్ గారి సీసా ఇంకా మాగలేదు

పొగాకు కాల్చడానికి పనికొచ్చే వస్తువు కాదని మానవజాతి చరిత్రలో మొట్టమొదట నిర్ధారించిన ఘనత, జర్మనీలో వేజర్ నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊరి 'నెమ్మది పొగ మిత్రుల నమోదిత సంఘం'దే. డాక్టర్లు కూడా ఆ మాటే అంటారు గానీ వాళ్ళు చెప్పే కారణాలు చాలా నాసిరకం. మా సంఘం దృష్టిలో పొగాకు నిలవ పెట్టడానికి పుట్టింది. దాన్ని కాల్చేవాడు, నాటడానికి దాచిన విత్తనాలు వేయించుకు తినేవాడితో సమానం. (సంఘం పేరులో 'నెమ్మది' అన్నది పొగకు సంబంధించిన మాట అని చేరేటప్పుడు నేను పొరబడ్డాను.)

నా పేరు ఫోల్క్‌మార్. స్నానాలగదులకు టైల్సు అమ్ముకునేవాణ్ణి. సాయంత్రాలు వంటింట్లో నిలబడి మా ఆవిడ ఇల్కాకు సలహాలివ్వడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. ఒకరోజు ఆవిడ గరిటె కింద పెట్టి, "నోట్లో ఏదైనా పెట్టుకుని ఓ మూల కూర్చునే పని చూసుకోవయ్యా మహానుభావా!" అంది. ఆ మాట పట్టుకుని పైపు కొన్నాను. పైపు కొనడం తేలిక. అందులోకి పొగాకు కొనాలని వెళ్ళినప్పుడు తెలిసింది, నేను ఎలాంటి ఊబిలో కాలు పెట్టానో.

పొగాకు దుకాణంలో నేల నుంచి కప్పు దాకా డబ్బాలే. గల్లా పక్కన కుర్చీలో గెర్నోట్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరై, మా సంఘంలో నేలమాళిగ అధికారి పదవిని, ఆరంభకుల మార్గదర్శక మండలిని (అందులో సభ్యుడు ఆయనొక్కరే) నిర్వహిస్తున్నారు.

"ఎలాంటిది కావాలి?" అన్నారు.

"మంచిదండీ."

"మంచిదంటే? కట్టెల పొగలో ఆరబెట్టిన నల్లాకా? వేడిగాలికి పండిన పసుపాకా? బిళ్ళలుగా నొక్కిందా, తాడులా పేనిందా, సన్నగా తరిగిందా?"

"కాలేది ఏదైనా ఫర్వాలేదండీ."

"కాలేదట!" అని ఆయన దుకాణమంతా వినపడేలా అన్నారు. "ఈయనకు కాలేది కావాలట!"

ఆ క్షణమే నన్ను సంఘంలో చేర్చుకున్నారు, బయట తిరగనివ్వడం ప్రమాదమని. ఆరంభకుడు మొదట వెనిలా వాసన పట్టించిన పొగాకుతోనే సరిపెట్టుకోవాలి. అది కేకు కాలిపోయిన వంటిల్లులా ఉంటుంది. నడవడిక బాగుంటే చెర్రీ వాసనది ఇస్తారు. నల్లాకు కావాలంటే మాత్రం కర్టెన్లకు ఆ వాసన పట్టినా తనకు అభ్యంతరం లేదని ఇంటావిడ హామీ ఇవ్వాలి. (ఇల్కా ఇవ్వలేదు. ఇవ్వదు.)

పోనీ, ఆ వెనిలా అయినా తెచ్చిన వెంటనే ముట్టించవచ్చా అంటే, అబ్బే! డబ్బాలోంచి తీసిన ఆకు తడిగా ఉంటుంది, కాలిస్తే నాలుక బొబ్బలెక్కుతుంది. పళ్ళెంలో పరిచి ఆరబెడితే పొడిబారి పొట్టులా మండుతుంది. రెండింటికీ నడుమ ఒక పదును ఉంది. చిటికెడు ఆకు వేళ్ళ మధ్య నొక్కి వదిలితే, అది ముద్దగా ఉండిపోకుండా, పొడిగా రాలిపోకుండా మెల్లగా విచ్చుకోవాలి. ఈ విచ్చుకోవడాన్ని ధ్రువీకరించే అధికారం గెర్నోట్ గారి కుడిచేతి బొటనవేలికి మాత్రమే ఉంది. వేసవిలో ఆయన బాల్టిక్ తీరానికి వెళితే, వేలు కూడా వెంట వెళుతుంది. అన్ని రోజులూ మా ఊళ్ళో ఏ పొగాకూ అధికారికంగా పదునుకు రాదు. ఒకసారి ఉప బొటనవేలికి ఎన్నిక పెట్టారు గానీ, గెలిచినాయన వేలికి తోటపని వల్ల కాయలు కాశాయని తేలి దాన్ని రద్దు చేశారు.

ఇక నిలవ సంగతి. మూతపడిన బీరు కార్ఖానా నేలమాళిగలో సంఘానికి అరలున్నాయి. సభ్యులు తమ పొగాకును గాజు సీసాల్లో బిగించి అక్కడ మాగబెడతారు. ఫలానా సీసా ఫలానా ఏటికి మాగుతుందని గెర్నోట్ గారు నిర్ణయిస్తారు. ఆ ఏడు రాగానే లాంతరు పట్టుకుని గాజులోంచి చూసి, పెదవి విరిచి, "ఇంకొంచెం" అంటారు. గురువారం సాయంత్రాలు సభ్యులందరం ఖాళీ పైపులు చప్పరిస్తూ, ఆల్‌బుఖారా పళ్ళ కేకు తింటూ మా సీసాల గురించి మాట్లాడుకుంటాం. కాల్చిన ఊసు ఎవరైనా ఎత్తితే పక్కవాళ్ళు మర్యాదగా దగ్గి మాట మారుస్తారు.

నిజంగా కాల్చేవాడు ఊరు మొత్తం మీద ఒక్కడే. వెండెలిన్ గారు. వంతెన వచ్చేదాకా నది మీద పడవ నడిపినాయన. వంతెన వచ్చాక కూడా రేవు దగ్గర బల్ల మీదే కూర్చునేవాడు. పైపు నింపడం నాకు నేర్పింది మార్గదర్శక మండలి కాదు, ఆయనే.

"అలా కుక్కకురా అబ్బాయ్. గోడకు మేకు కొడుతున్నావా ఏంటి? పిల్లి వీపు నిమిరినట్టు నొక్కు. ఆ... అదీ."

ఆయనకు నేలమాళిగలో ఒకే ఒక్క సీసా ఉంది. భార్య ఆల్మా తన చేత్తో రెండు రకాల ఆకు కలిపి, ఎండిపోకుండా చిన్న ఆపిల్ తొక్క వేసి, మూత బిగించి పెట్టింది. మా వైపు అమ్మమ్మలందరూ చేసే పనే అది. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. రేవు పక్క ఇల్లు, నది పొంగినప్పుడల్లా నీళ్ళొస్తాయని ఆయన ఆ సీసాను సంఘానికి అప్పగించాడు. నది కంటే సంఘం నయమనుకున్నాడు పాపం.

ఈ వసంతంలో ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు: "నాకు జుట్టు నెరవక ముందునుంచీ మా డాక్టరు పైపు మానెయ్యమని పోరుతున్నాడు. మొన్న ఊపిరితిత్తుల ఫోటో చూసి, 'మీ ఇష్టం పెద్దాయనా' అన్నాడు. మానమనడం మానేశాడురా! అర్థమైందా?"

అర్థమైంది.

"ఆల్మా కలిపింది ఒక్క పైపు కాల్చాలి. ఈ బల్ల మీద కూర్చుని. అంతకంటే నాకేం వద్దు. నీకూ ఒకటి నింపుతాలే, ఆ కేకు చెత్త తాగి చస్తున్నావు."

గురువారం విషయం సభ ముందుకు వచ్చింది. అధ్యక్షులు ఒట్టోకార్ గారు గంట కొట్టారు. గెర్నోట్ గారు కిందికి వెళ్ళి, సీసాను కాకుండా సీసా గురించిన సమాచారాన్ని పైకి తెచ్చారు. ఆకు మీద తెల్లటి చుక్కలు ఉన్నాయట. ఏళ్ళ తరబడి మాగిన మేలిరకం ఆకు మీద చక్కెర పలుకుల్లాంటి పూత వస్తుంది. పాడైన ఆకు మీద బూజు వస్తుంది. గాజులోంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

"బూజైతే తెరవకూడదు, మిగతా సీసాలకు అంటుకుంటుంది," అన్నారు గెర్నోట్ గారు. "పూతైతే అసలే తెరవకూడదు. అంత అపురూపమైనది మన దగ్గర ఇంకొకటి లేదు."

"ఏదో తేలాలంటే ఏం చెయ్యాలండీ?" అన్నాను.

"తెరిచి చూడాలి."

"మరి తెరవండి."

"ఏదో తేలకుండా ఎలా తెరుస్తామండీ?" అన్నారాయన, ఆరంభకుల మీద చూపే జాలితో. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వెండెలిన్ గారు లేచాడు. "బూజైనా పూతైనా అది నాదయ్యా. నా పెళ్ళాం కలిపింది, తొక్క వేసి మరీ పెట్టింది. ఇచ్చెయ్యండి."

"మీ భావాలను సంఘం గౌరవిస్తుంది," అన్నారు ఒట్టోకార్ గారు. "కానీ సీసా ఇంకా పసిదండీ."

"సీసా పసిదే బాబూ. నేను కాదుగా!" అని ఆయన దగ్గడం మొదలుపెట్టాడు. చాలాసేపు దగ్గాడు. అధ్యక్షులు ఓపిగ్గా ఆ దగ్గు పూర్తయ్యేదాకా ఆగి, తర్వాతి అంశానికి వెళ్ళబోయారు.

కానీ గెర్నోట్ గారి మొహం అప్పటికే పాలిపోయింది. "తొక్కా? ఆపిల్ తొక్క వేశారా?"

సభ అల్లకల్లోలమైంది. ఒకాయన కేకు పళ్ళెం కింద పెట్టేశాడు. నేలమాళిగలోకి పండ్లు, కూరగాయలు, వాటి భాగాలు తేరాదని స్పష్టమైన నియమం ఉందట. వెంటనే ఆపిల్ తొక్క ఉపసంఘం ఏర్పడింది. వేసవి సెలవుల తర్వాత అది సమావేశమై, గాజులోంచి చూసి, తన అభిప్రాయం చెబుతుంది. "అప్పటిదాకా సభ్యుడు నిబ్బరంగా ఉండాలి" అని తీర్మానించారు.

నిబ్బరంగా ఉండడానికి ఆయనకు ఊపిరి చాలడం లేదని ఎవరూ గమనించినట్టు లేదు. నేను గమనించాను. అందుకే నెమ్మది పొగ పోటీల రోజు దాకా కాచుకున్నాను.

మా సంఘం ఆకును తగలబెట్టేది ఏడాదికి ఆ ఒక్కరోజే. అదీ ఎంత తక్కువ తగలబెట్టగలమో చూపించడానికి. కార్ఖానా ముంగిట్లో బల్లలు వేసి, అందరికీ సమానంగా చిటికెడు పొగాకు, తలా రెండు అగ్గిపుల్లలు ఇస్తారు. ఎవరి పైపు ఆఖరిదాకా ఆరకుండా ఉంటే వాళ్ళే విజేత. నోరు తెరిచాడంటే నిప్పు ఆరినట్టే. కుర్చీలు పైకి చేరవేయాలని ఆ రోజు నేలమాళిగ తలుపు తీసే ఉంచారు. మధ్యాహ్నానికి ఇద్దరే మిగిలారు, పొరుగూరి విజేత, మన గెర్నోట్ గారు. ప్రతి ఏడూ రెండో స్థానంతో ఇంటికి వెళ్ళే మనిషి. ఆయన పైపులోంచి దారం పోగంత పొగ వస్తోంది.

నేను కిందికి దిగి, ఆల్మా సీసా చంకన పెట్టుకుని, ముంగిలి మధ్యలోంచి తాపీగా నడిచాను. గేటు అవతల వెండెలిన్ గారు తన పైపు శుభ్రంగా తుడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి సగం లేచాడు. గెర్నోట్ గారు కూడా చూశారు. గుడ్లురిమారు. మొహం ఎర్రబడింది, తర్వాత నీలమైంది. పెదాలు మాత్రం పైపును వదల్లేదు. నేను మర్యాదగా తల వంచి నమస్కరించాను. ఇంకో నాలుగడుగులు వేస్తే గేటు.

"ఆగండి! నా సీసా!"

పైపు ఆరిపోయింది. జనం అయ్యయ్యో అన్నారు. ఇద్దరు సభ్యులు పరుగున వచ్చి, పసిబిడ్డను అందుకున్నట్టు నా చేతుల్లోంచి సీసా తీసుకుని కిందికి పట్టుకుపోయారు.

"నీదా?" అన్నాడు వెండెలిన్ గారు గేటు అవతలినుంచి. ఎవరూ వినలేదు. అప్పటికే గెర్నోట్ గారిని భుజాలకెత్తుకున్నారు. ఒక సీసా కోసం విజయాన్ని త్యాగం చేసినందుకు సంఘం ఆయనకు పతకం ఇచ్చింది. నన్ను వెనిలా స్థాయి నుంచి ఖాళీ పైపు స్థాయికి దించారు.

రేవు దాకా ఇద్దరం నడిచాం. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆయనే నా భుజం తట్టాడు.

"పోనీలేరా. నీ జేబులో ఆ కేకు చెత్త ఉందిగా, ఇటు పడెయ్."

ఏ బొటనవేలూ చూడని ఆ వెనిలాను ఇద్దరం నింపుకున్నాం. ఆయన పైపు మాటిమాటికీ ఆరిపోయింది, నేనే ముట్టించి ఇచ్చాను.

"ఎలా ఉందండీ?"

"దరిద్రంగా ఉంది," అని నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. "ఆల్మా ఉంటే కిటికీలన్నీ తెరిచేసేది." ఆ తర్వాత నది వైపు చూస్తూ, "ఒక్క పైపేగా నేనడిగింది," అన్నాడు.

ఆకులు రాలే రోజుల్లో ఆయన పోయాడు. అంత్యక్రియలకు సంఘమంతా వచ్చింది, ఖాళీ పైపులు ఒకే వంపులో నోట పెట్టుకుని. సభ్యుడు అకాలంలో వెళ్ళిపోయారని అధ్యక్షులు బాధపడ్డారు.

ఆ గురువారమే ఉపసంఘం తేల్చేసింది. ఒక్క ఓటు తేడాతో అది బూజు కాదు, పూత. ఆపిల్ తొక్కను ప్రత్యేక పరిస్థితుల కింద క్షమించారు. సీసా పూర్తిగా మాగిందని గెర్నోట్ గారు స్వయంగా లాంతరు పట్టుకుని చూసి ప్రకటించారు. నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, "చూశారా, కాస్త ఓపిక పడితే అన్నీ తేలతాయి. మీరే అనవసరంగా కంగారు పడ్డారు," అన్నారు.

"ఇప్పుడు ఎవరికి ఇస్తారండీ?" అన్నాను.

"ఎవరికేమిటండీ? నియమం ప్రకారం యజమానికే," అన్నారాయన.

మర్నాడు బోర్డు మీద ప్రకటన వెలిసింది. వెండెలిన్ గారి సీసా విషయంలో సంఘానికి ఇక ఎలాంటి అభ్యంతరమూ లేదని, ఆదివారం తప్ప ఏ రోజైనా ఆయన స్వయంగా వచ్చి తీసుకెళ్ళవచ్చని అందులో ఉంది. అగ్గిపెట్టె మాత్రం సభ్యుడే తెచ్చుకోవాలి.