జడ్జిగారి నల్ల కోటు, మూడు చీటీలు

“భయపడకు వదినా! ఈ బుర్ర రంగంలోకి దిగాక ఏ నేరమూ బతికి బట్టకట్టలేదు!” అని ప్రకటించాడు మరిది, భూతద్దం తుడుచుకుంటూ.

కిందటిసారి ఆ భూతద్దంతో ఇల్లంతా వెతికిన కళ్ళజోడు అతని నెత్తిమీదే దొరికింది. వదినకు అది గుర్తొచ్చింది గానీ నవ్వు రాలేదు. పిన్ని లాండ్రీ కోసం తను జావాలో రాసిన మొట్టమొదటి ప్రోగ్రాం ఆ పొద్దునే పరువు తీసింది మరి.

కంప్యూటర్లో ‘అచ్చు’ అనే ఆదేశం, దాని పక్కన బట్ట పేరు కొడితే బట్టకు కట్టే చీటీ అచ్చవ్వాలి. అచ్చు "జడ్జిగారి నల్ల కోటు" అని కొడితే ఒక్క చీటీకి బదులు మాటకొకటి చొప్పున మూడొచ్చాయి. పిన్ని హడావిడిలో మూడింటినీ మూడు బట్టలకు కట్టేసింది. జడ్జిగారింటికి పువ్వుల గౌను వెళ్ళింది.

“సాయంత్రంలోగా బాగుచెయ్యి తల్లీ. లేదంటే ఈ పెట్టె మీ ఇంటికి, నేను మళ్ళీ బట్టల మీద గుర్తులు పెట్టే నా సుద్దముక్కకి,” అంది పిన్ని.

వదిన ప్రింటరు విప్పి చూస్తోంది. మరిది చీటీల మీదికి వంగాడు.

“దొరికారు! మొదటివాడి నెత్తిన రెండు గీతలు, చివరివాడి తోకన రెండు గీతలు. ముఠా పచ్చబొట్లు!”

“అవి కొటేషన్ గుర్తులు నాయనా.”

“నువ్వు అమాయకురాలివి వదినా. వీళ్ళిద్దరూ కాపలాదార్లు.” మూడింటినీ వరసగా బల్లమీద పేర్చాడు. “మధ్యలో ‘నల్ల’ బందీ. కాపలా ఉన్నంతసేపూ వాడి మీద కత్తి పడదు!”

వదిన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. “ఏమన్నావ్?”

మాటల మధ్య ఖాళీ కనిపిస్తే చాలు, కత్తిరించమని ప్రోగ్రాంకి చెప్పింది తనే. గీతల మధ్య ఉన్నప్పుడు కత్తెర పక్కన పెట్టమని చెప్పనే లేదు! ప్రింటరు వదిలి కీబోర్డు అందుకుంది. ఒక్కో అక్షరమే చదవాలి. గీతలు తెరుచుకుంటే కోత ఆపాలి, మూసుకున్నాకే మళ్ళీ మొదలెట్టాలి. గీతల్ని మాత్రం అచ్చు వెయ్యకూడదు.

ఈసారి ఒకే చీటీ వచ్చింది, కోటు మొత్తం దానిమీదే.

“పెట్టె ఇక్కడే ఉండనీ,” అంది పిన్ని, సుద్దముక్క చెత్తబుట్టలో పడేస్తూ.

“కేసు ఛేదించింది నేను!” మరిది ఛాతీ విరిచాడు. “ఇక్కడ తగిలించుకోవడానికి నాకూ ఓ చీటీ కొట్టు వదినా. ‘మహా అపరాధ పరిశోధకుడు’ అని.”

“అలాగే మరిదీ,” అంటూ వదిన బుద్ధిగా టైపు చేసింది. కొటేషన్ గుర్తులు మాత్రం పెట్టలేదు.

ప్రింటరు మూడు చీటీలు ఉమ్మింది.

మరిది మొహం పాలిపోయింది. గబుక్కున బల్లకింద దూరి, భూతద్దం బయటికి చాచి గుసగుసలాడాడు.

“వదినా, కదలకు! ముఠా ఇంకా లోపలే ఉంది. పైగా ఈసారి పచ్చబొట్లు కూడా చెరిపేసుకున్నారు!”