స్పానిష్ మేడమ్ వృత్తి వికాసం

"బోధన పరమ పవిత్రమైనది. దాన్ని పాఠాలు చెప్పడానికి పరిమితం చేయడం మహాపాపం!"

మా వైస్ ఛాన్సలర్ గారు ఈ మాట అనగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇకపై ప్రతి అధ్యాపకుడూ ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ పొందాలి, అంటే శిక్షణలకు వెళ్లాలి. అకడమిక్ సర్వీస్ చేయాలి, అంటే కమిటీల్లో కూర్చోవాలి. ఈ రెండూ లేనివారి కాంట్రాక్టు పొడిగించరు. నేను చరిత్ర చెబుతాను. పాలకులు ప్రకటించిన దాన్ని నమ్మడం వృత్తిలో అలవాటైపోయింది కనుక దీన్నీ నమ్మాను.

నా గదిలో సగం స్పానిష్ మేడమ్‌ది. మా ఇద్దరికీ కలిపి ఉన్న బీరువా తలుపు పడాలంటే ఒకరు మోకాలు ఆనిస్తే ఇంకొకరు తాళం తిప్పాలి. ఆవిడ మోకాలు ఆనించి ఉండగా డీన్ గారు వచ్చారు.

"మేడమ్, మీ క్లాసు కిటకిటలాడుతోందట?"

"అవునండీ. కిటికీల్లో కూడా కూర్చుంటున్నారు."

"పిల్లలు స్పానిష్ మాట్లాడేస్తున్నారని కూడా విన్నాను."

"కాస్త కాస్త మాట్లాడుతున్నారండీ."

డీన్ గారు జాలిగా తల ఆడించారు. "మరి మీరెప్పుడు ఎదుగుతారు?"

మరునాడే ఆవిడను 'తరగతి గదిలో గురువు ఉనికి' అనే వర్క్‌షాపుకు ఎంపిక చేశారు.

"అదే టైముకి నాకు క్లాసుందండీ" అందావిడ.

"తెలుసు. ఆ టైముకి మీరు తప్పకుండా యూనివర్సిటీలో ఉంటారనే పెట్టాం."

వర్క్‌షాపులో ట్రైనర్ అందరికీ తలో బెలూను ఇచ్చి, మీలోని అహంకారాన్ని ఇందులోకి ఊదండి అన్నాడట. మేడమ్ బెలూన్ పగిలిపోయింది. ఆవిడ సమస్య లోతైనదని తేల్చి అడ్వాన్స్‌డ్ వర్క్‌షాపుకు పంపారు. అదీ క్లాసు టైముకే.

ఆపైన సర్వీసు మొదలైంది. విదేశీ భాషల ప్రోత్సాహక కమిటీ, దానికి పేరు మార్చే ఉపసంఘం, మెట్లెక్కేవారు ఏ పక్కన నడవాలో తేల్చే నిపుణుల బృందం. మేడమ్ అన్నింట్లోనూ ఉంది. ఖాళీ బల్లను చూసీ చూసీ పిల్లలు ఒక్కొక్కరే క్లాసుకు రావడం మానేశారు. డీన్ గారు ఆందోళన చెంది, స్పానిష్‌లో పిల్లలు ఎందుకు తగ్గారో తేల్చడానికి ఇంకో కమిటీ వేసి, దానికి మేడమ్‌నే అధ్యక్షురాలిని చేశారు.

"నేను క్లాసుకు వెళ్లకపోవడం వల్లనండీ" అందావిడ.

"అలా తొందరపడి కారణం చెప్పేస్తే కమిటీ ఎందుకమ్మా? ముందు స్టడీ టూరుకు వెళ్లి రండి."

ఒకరోజు నా మేనకోడలు గదిలోకి దూసుకొచ్చింది. నర్సింగ్ చదువుతోంది. స్పానిష్ మాట్లాడే రోగులుండే ఆసుపత్రిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది.

"మామయ్యా, మేడమ్ ఏరీ? శరీర భాగాలు తల నుంచి మొదలెట్టి మెడ దగ్గర ఆగిపోయాం!"

"ప్రస్తుతానికి మెడ పైన జబ్బులున్నవాళ్లని చూసుకోరాదుటే?" అన్నాను, మేనమామగా నాకు తోచిన సలహా.

అప్పుడే మెళ్లో మూడు బ్యాడ్జీలతో మేడమ్ వచ్చింది. పిల్ల ముఖం చూసి బ్యాగు కింద పడేసి, కారిడార్లోకి లాక్కెళ్లి, తన గుండె మీద చెయ్యి వేసుకుని "పెచో" అంది. ఛాతీ అని అర్థమట. కడుపు దాకా రాకుండానే డీన్ గారు ప్రత్యక్షమయ్యారు.

"మేడమ్! కారిడార్లో పాఠమా? అక్కడ కమిటీ అంతా మీ కోసం కాచుకుని ఉంది!"

ఆవిడ వెళ్లింది. వెళ్లేముందు బ్యాడ్జీలు తీసి చెత్తబుట్టలో పడేసింది. ఎదుగుదల అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

ఆ ఏడాది ఉత్తమ అధ్యాపక అవార్డు ఆవిడకే వచ్చింది. సభ పెట్టింది మళ్లీ క్లాసు టైముకే.

"పాఠాలనే బంధనం నుంచి సంపూర్ణంగా విముక్తి పొందిన తొలి గురువు!" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు గద్గద స్వరంతో.

మేడమ్ మైకు అందుకుంది.

"అకీ నో మె దెహన్ ఎన్సెన్యార్. మె వోయ్."

అంతే. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. నా పక్కనున్న మేనకోడలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఏమందే?"

"‘ఇక్కడ నన్ను పాఠం చెప్పనివ్వడం లేదు. వెళ్లిపోతున్నాను’ అన్నారు మామయ్యా."

మేడమ్ అవార్డును డీన్ గారి చేతుల్లో పెట్టి మెట్లు దిగిపోయింది. వెనకాలే పాత క్లాసంతా లేచి వెళ్లింది. కుట్టుమిషన్ల షాపు మేడ మీద గది తీసుకున్నారు. మేనకోడలు అక్కడ పాదాల దాకా నేర్చుకుని, ఉద్యోగం తెచ్చుకుని వెళ్లిపోయింది.

"సార్, మేడమ్ రావడం లేదు" అన్నాను డీన్ గారితో, ఉండబట్టలేక.

"ఎక్కడో ఉన్నత స్థాయి శిక్షణలో ఉండుంటారు. మీరూ ఉన్నారు, ఎప్పుడు చూసినా ఇక్కడే కనబడతారు!" అని మందలించి, ఆవిడ కాంట్రాక్టు పొడిగించారు. నన్నేమో సర్వీసు కోసం కొత్త కమిటీలో వేశారు. మేడమ్ వాక్యానికి చలించిపోయిన వైస్ ఛాన్సలర్ గారు దాన్నే యూనివర్సిటీ నినాదంగా చేయాలని వేసిన కమిటీ అది.

"అర్థం కనుక్కుందామా సార్?" అన్నాను వైస్ ఛాన్సలర్ గారితో, తెలిసినా నేరుగా చెప్పలేక.

"అర్థం తెలిస్తే గాంభీర్యం పోతుంది. చివర్న చూడండి, ‘వోయ్’ అని ఎంత చనువుగా పిలిచిందో! నినాదమంటే అలా ఉండాలి."

ఇప్పుడది మా గేటు మీద ఇత్తడి అక్షరాల్లో మెరుస్తోంది. రోజూ ఉదయం అధ్యాపకులమంతా దాని కింద వరుసగా నిలబడతాం. వైస్ ఛాన్సలర్ గారు గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని మొత్తం వాక్యం చదివి, చివర్న కంచుకంఠంతో "మె వోయ్!" అంటారు.

"మె వోయ్!" అంటాం మేమంతా.

తరువాత ఎవరి కమిటీలకు వాళ్లం వెళ్లిపోతాం.