మాంద్యం సంగతి తేలకపోవడమే మేలు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. రెండో తరగతి చదువుతున్న మా పావని ఏదో ఒక రోజు బడి మానేస్తుందేమోనని భయం. నేను తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినదాన్ని. ఎలా మానేస్తారో నాకు తెలుసు. ఎవరూ మానెయ్యమని చెప్పరు. ఒక సోమవారం వెళ్ళం, అంతే.

ఈ భయానికి మందు లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఉంది! రోజూ సాయంత్రం ఏడు గంటలకు టీవీలో వస్తుంది. దేశంలో ఆర్థిక మాంద్యం ఉందా, లేదా అని పెద్దమనుషులు చేసే చర్చ అది. ఆ చర్చ మన పాలిటి వరమని, అది ఎప్పటికీ తేలకూడదని, తేలితే మనమే నష్టపోతామని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను.

ఆర్థికశాస్త్రం గురించి నీకేం తెలుసు అని మీరు అడగొచ్చు. నిజమే. అనకాపల్లి గవరపాలెంలో, ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నదాన్ని. నాకు తెలిసినవి కొలతలు. కాని టీవీలో ఆ నలుగురు పెద్దమనుషులు చెప్పేది విన్నాక, వాళ్ళకి కొలతలు కూడా తెలియవని నాకు ధైర్యం వచ్చింది.

టీవీ తెర మీద నాలుగు గళ్ళు, గడికో పెద్దమనిషి. మొదటాయన మాంద్యం వచ్చేసిందంటాడు. రెండో ఆయన రాలేదంటాడు. మూడో ఆయన, అది వచ్చి వెళ్ళిపోయింది, మనమే చూసుకోలేదంటాడు. నాలుగో ఆయనకి మైకు పనిచేయదు. అందరిలోకీ ఆయనే నయం. మధ్యలో యాంకరుకి రోజుకో కొత్త కోటు. ఆ కోటు కుట్టినవాడికి మాత్రం మాంద్యం లేదని నేను ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెబుతాను. ఎడమ భుజం ఎత్తిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఈ చర్చ వల్ల నేను నేర్చుకున్నదేమిటంటే, దేన్నీ తొందరపడి ఒప్పుకోకూడదు. వరసగా రెండు త్రైమాసికాలు, అంటే ఆరు నెలల పాటు దేశం సంపాదన తగ్గితే తప్ప దాన్ని మాంద్యం అనడానికి లేదట. ఆ లెక్క కూడా ఆరు నెలలూ గడిచిపోయాక, మరి కొన్నాళ్ళకి వస్తుందట. ఎంత ఓపిక! ఎంత నిదానం!

ఇదే పద్ధతి మన ఇళ్ళలోకి వస్తే ఎంత హాయిగా ఉంటుంది? పిల్ల ఆకలి అంటే, వరసగా రెండు పూటలు అనలేదు కాబట్టి అది ఆకలి కాదు. కప్పు రేకులోంచి నీళ్ళు కారితే, రెండు వానాకాలాలు చూసి అప్పుడు కారుతోందని ప్రకటించాలి. మా అత్తగారు అప్పలనర్సమ్మ మోకాళ్ళ నొప్పులంటే, ఆవిడకి కూడా ఈ సూత్రం విడమరిచి చెప్పాను. ఆవిడ చదువుకున్న మనిషి కాదు.

"టీవీలో ఆలు తేల్సీదాకా నాను లెగకుండా కూకోవాలేటే?" అంది.

చూశారా, అజ్ఞానం ఎలా మాట్లాడుతుందో?

మా ఆయన పైడిరాజు అలా కాదు. చర్చ ఒక్క రోజు కూడా వదలడు. ఆయనకి గూడ్సు ఆటో ఉంది. సీజనులో ఊళ్ళ నుంచి బెల్లం దిమ్మలు మార్కెట్టుకి తోలుతాడు, అది లేనప్పుడు సిమెంటు, ఇటుక. ఒకప్పుడు ఆటో రోడ్డు మీద ఉండేది, ఆయన ఆటోలో ఉండేవాడు. ఇప్పుడు ఆటో స్టాండులో ఉంటుంది, ఆయన ఆటో కింద నీడలో ఉంటాడు.

మొదట్లో ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. చర్చ చూడడం మొదలుపెట్టాక మనిషిలో ఎంత మార్పో! పని పోయిందా అని ఒకరోజు భయపడుతూ అడిగాను. టీవీలో రెండో ఆయనలాగే కాస్త ముందుకు వంగి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పని పోనేదే. డిమాండు తగ్గింది. రెండిటికీ తేడా ఉంది."

ఎంత గొప్ప తేడా! పని పోతే భార్య ఏడుస్తుంది. డిమాండు తగ్గితే భార్య ఏం చెయ్యాలో ఏ శాస్త్రంలోనూ రాయలేదు కాబట్టి ఊరుకుంటుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. స్టాండులో కూడా అంతేనట. డ్రైవర్లు వచ్చిందనే పార్టీ, రాలేదనే పార్టీగా చీలిపోయి పొద్దస్తమానం వాదించుకుంటున్నారట. ఆ గొడవలో మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోతున్నారట. దేశానికి ఎంత బియ్యం ఆదా!

ఇక చిన్నారావు గారు. మా వీధి చివర గోదాము ఆయనదే, ధాన్యం, బెల్లం వ్యాపారం. భార్య జాకెట్లు పట్టుకెళ్ళడానికి కారులో వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మాంద్యం లేదని నాకు నిరూపించి వెళ్ళారు. ఆదివారం బిర్యానీ హోటలు ముందు లైను చూశావా అన్నారు. బైపాసు మీద ట్రాఫిక్కు చూశావా అన్నారు. కొత్త కారుకి తాను నాలుగు నెలలు ఆగాల్సి వచ్చిందన్నారు. అదే గుమ్మంలో, అదే గుక్కలో, సరుకు కదలడం లేదని, గోదాములో బస్తాలు మోసే ఆరుగురు కళాసీల్లో ముగ్గురిని మానిపించేశానని కూడా అన్నారు.

నేను ఆయన్ని తప్పు పట్టను. బిర్యానీ లైనులో ఆ ముగ్గురూ లేరు కదా. ఇంకెక్కడ చెడింది ఆయన లెక్క?

నా మిషను దగ్గర కూడా అన్నీ మంచి శకునాలే. ఏటా ఉగాది వేళ మా ఊళ్ళో జరిగే కొత్త అమావాస్య జాతరకి ముందు నా బల్ల మీద జాకెట్టు గుడ్డలు గుట్టగా పడి ఉండేవి. ఈ ఏడు పాత జాకెట్లు వచ్చాయి, పక్క కుట్లు విప్పి వదులు చెయ్యమని. చొక్కాల కాలర్లు అరిగిపోతే ఊడదీసి, తిరగేసి కుట్టమంటున్నారు. అలా కుడితే చూసేవాళ్ళకి కొత్త చొక్కాలాగే ఉంటుంది. అరిగిన వైపు మెడకి తగులుతూ ఉంటుంది, ఆ సంగతి తొడుక్కున్నవాడికే తెలుస్తుంది. ఆర్థిక వ్యవస్థ పటిష్టంగా ఉందని చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఏ నిపుణుడు కనిపెట్టాడు?

బడి స్కర్టులకైతే కింద మడత దించడమే పని. ఒక స్కర్టు మీద పాత మడతల గీతలు మూడు కనిపించాయి. దేశం ఎదిగిందో లేదో ఇంకా తేలలేదు కాని, ఆ స్కర్టు తొడుక్కునే పిల్ల మాత్రం ఎదిగింది. నేను టేపు పెట్టి కొలిచాను.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా జూలైలో శ్రీదేవి వచ్చింది. అసలు పేరు అది కాదు, మార్చాను. చిన్నారావు గారు మానిపించిన ముగ్గురిలో ఒకడి భార్య. కూతురు తొమ్మిదో తరగతి, మా పావని చదివే బడిలోనే. ఆ పిల్లని ఉషశ్రీ అనుకుందాం. శ్రీదేవి చేతిలో ఉషశ్రీ యూనిఫారం రెండు జతలు ఉన్నాయి. మడత దించాలా అని అడిగాను. అక్కర్లేదంది. జేబు మీద కుట్టి ఉన్న బడి బొమ్మ, అదే బ్యాడ్జి, విప్పెయ్యమంది.

నేనేమీ అడగలేదు. ఎందుకు అడగాలి? వేరే బడిలో వేస్తారేమో. బొమ్మ చినిగిందేమో. ఒక్క బొమ్మ విప్పమన్నంత మాత్రాన ఒక పిల్ల చదువు ఆగిపోయిందని ప్రకటించేస్తామా? ఆధారాలు రావద్దూ? నిపుణుల దగ్గర నేర్చుకున్న ఓపిక నాకు అప్పుడే పనికొచ్చింది. బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టూ కోశాను. చాలా నీటుగా వచ్చింది, గుడ్డ ఎక్కడా చిరగలేదు. బొమ్మ ఉన్నచోట ఎండ తగలక, నీలం రంగు కొత్తగా, గుండ్రంగా మిగిలిపోయింది. అది మాత్రం ఎలా పోగొట్టాలో నాకు తెలియలేదు.

పట్టుకెళ్ళడానికి వచ్చిన రోజు శ్రీదేవే చెప్పింది.

"ఇంట్లో ఏసుకోడానికి వదినా. ఆ బొమ్మ కనబడితే దానికి ఏడుపొత్తంది."

భర్త పని వెతుక్కుంటూ విశాఖ వెళ్ళాడట. తను రొయ్యల కంపెనీలో పగటి షిఫ్టుకి కుదిరిందట. చంటివాడికి రెండేళ్ళు, వాణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఒకరుండాలి. ఒక్క ఏడాదే అంది. ఆ మాట నేను ఇదివరకు విన్నాను. మా అమ్మ కూడా ఒక్క ఏడాదే అంది. పధ్నాలుగేళ్ళయింది.

ఆ సాయంత్రం చర్చలో రెండో ఆయన, క్షేత్రస్థాయిలో అలాంటి సూచనలేవీ కనిపించడం లేదని చెప్పాడు. మా ఆయన తల ఊపాడు. నేను లేచి టీవీ ఆపేశాను.

ఆపేశానని గొప్పగా చెప్పుకుంటున్నాను గాని, ఆ తర్వాత రెండు నెలలు నేను చేసింది కూడా ఏమీ లేదు. రెండో త్రైమాసికం కోసం చూశాననుకోండి! పోయిన వారం పావని బడికి వెళ్ళి హెడ్మాస్టరు గారిని అడిగాను. దసరా సెలవులు ఇచ్చేదాకా ఉషశ్రీ పేరు కొట్టెయ్యకుండా ఉంచుతామన్నారు. ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు పిల్లని రమ్మనండి అన్నారు. చంటివాణ్ణి పగలంతా నా మిషను పక్కన కూర్చోబెట్టుకుంటాను, పిల్లని బడికి పంపండి అని చెబుదామని అక్కడినుంచి తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను.

లోపల గొళ్ళెం పెట్టి ఉంది. పిలిచాను. కిటికీ రెక్క నాలుగు వేళ్ళంత తెరుచుకుంది. ఉషశ్రీ, చంకలో తమ్ముడు. ఒంటి మీద ఆ యూనిఫారమే, జేబు మీద గుండ్రంగా నీలం మచ్చ. అమ్మ ఎవరికీ తలుపు తియ్యొద్దందని చెప్పింది. నేనే కదే అన్నాను.

"బొమ్మ ఇప్పింది నువ్వే గదా అత్తా," అంది.

రెక్క మూసేసింది. ఇన్నాళ్ళ చర్చలో, ఇది ఫలానా మనిషి చేతుల మీద జరిగింది అని చెప్పినవాళ్ళని నేను చూడడం అదే మొదటిసారి.

కాబట్టి, చర్చ మన పాలిటి వరమని నేను పైన రాసినదంతా మీరు మరిచిపోయినా నాకేమీ అభ్యంతరం లేదు. మాంద్యం ఉందో లేదో మీరు, ఆ నలుగురూ కలిసి తీరిగ్గా తేల్చుకోండి. నాకిప్పుడు దసరా సెలవులకి మిగిలిన తొమ్మిది రోజులే లెక్క.

శ్రీదేవి నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతోంది. పగలు పిల్లలే ఉండే ఇల్లు కాబట్టి గుర్తులు పేపర్లో రాయను. కాని తుమ్మపాల వెళ్ళే దారిలో ఉండే ఆడవాళ్ళకి, తొమ్మిదో తరగతి టీచర్లకి అది ఏ ఇల్లో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. తల్లి సాయంత్రం ఆరు గంటలకి ఇంటికొస్తుంది. మీలో ఎవరైనా ఒకరు ఆ వేళకి వెళ్ళి ఆ పిల్ల ఎలా ఉందో చూడండి. చంటివాణ్ణి చూసుకునే మనిషి దొరికిందని తల్లికి చెప్పండి. పేరు ఇంకా కొట్టెయ్యలేదని పిల్లకి చెప్పండి.

నేను పంపానని మాత్రం గుమ్మం బయట అనకండి. ఆ పిల్ల తలుపు తియ్యదు.