మా విశాల హృదయానికి మూడు టు-లెట్ బోర్డులు

ప్రభుత్వానికి ఒక విన్నపం. బెంగళూరులో ఇల్లు కట్టాలంటే వాన నీటి గుంత తప్పనిసరి చేశారు కదా, అలాగే ప్రతి వీధికీ ఏడాదికి రెండుసార్లు కాలేజీ విద్యార్థుల సర్వే తప్పనిసరి చేయాలి! గుంతలో నీరు ఎంత ఇంకుతోందో నాకు తెలియదు గానీ, సర్వే వల్ల మా వీధిలో మంచితనం ఒక్క ఉదయంలో పైకి ఉబికి రావడం కళ్లారా చూశాను.

ఏమంటారు? చదువుకునే పిల్లలు ట్యాబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మీ మతమేంటి, మీ భాషేంటి అని అడగడం న్యూసెన్సంటారా? అయ్యా, అది న్యూసెన్సు కాదు, న్యూ సెన్సు! యాభై రెండేళ్లు నిండేదాకా నా గుండె ఇంత విశాలమైందని నాకే తెలియదు. ఈసీజీ తీసిన డాక్టరు కూడా చెప్పలేదు. డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి వచ్చి చెప్పింది.

దాన్ని ఫీల్డ్ రిసెర్చ్ అంటారట. మా కె.ఆర్.పురం వైపు ఫీల్డులన్నీ ఎప్పుడో లేఅవుట్లయిపోయాయి, ఇక మిగిలింది రిసెర్చే. 'నగరంలో మత, భాషా వైవిధ్యం' అన్నది పిల్లల టాపిక్కు. ఈ ఊళ్లో డైవర్షన్ లేని రోడ్డూ డైవర్సిటీ లేని వీధీ లేవని ఎవరో వాళ్ల ప్రొఫెసరుకి చెప్పి ఉంటారు.

మొదట్లో చిన్న గందరగోళం జరిగింది. శనివారం పొద్దున్నే చైత్ర, తహసీన్ అనే ఇద్దరమ్మాయిలు మెడలో ఐడీ కార్డులతో వచ్చి, "సర్వే చేయాలండీ" అన్నారు. 'సర్వే జనాః' అంటే సుఖం ఉంది గానీ, ఒట్టి సర్వే అంటే మా జనానికి సుఖం ఉండదు! వాన నీళ్లు పోయే రాజకాలువ మీద ఇళ్లు కట్టుకున్నారేమోనని టేపులు పట్టుకొచ్చే సర్వే అనుకున్నాం. ఎదురింటి అక్కయమ్మ, డెబ్బై దాటిన మనిషి, మూడంతస్తుల ఇంటి ఓనరు, పత్రాలున్న ఇనుప పెట్టెతో సహా వీధిలోకి వచ్చేసింది.

"ఏమప్పా, మళ్లా కాలవ అంటా వచ్చినారా? మా మామ కాలం నాటి పత్రాలు ఉండాయి నా కాడ. గోడ ఒక్క అడుగు ముందుకుంటే నన్నడుగు!"

"కాలవ కాదవ్వా," అంది తహసీన్. "మీరు ఏ భాష మాట్లాడతారు, ఏ దేవుణ్ని మొక్కుతారు, అంతే. కాలేజీ పని."

"అదా! దానికి టేపు యాల పాపా, కూచో," అని అక్కయమ్మ ఆ పెట్టె మీదే తానూ కూర్చుంది.

ఆ ఫారం తయారు చేసిన మహానుభావుడెవరో అక్కయమ్మను చూసి ఉండడు. మాతృభాష దగ్గర ఒక్క టిక్కే పెట్టాలట. ఈవిడకి ఇంట్లో తెలుగు, కూరగాయల బండి దగ్గర కన్నడ, మూడో అంతస్తు వాళ్లతో నీళ్ల తగువుకి తమిళం. పోనీ, తెలుగు అని టిక్కు పెట్టించుకుంది. మతం దగ్గర మాత్రం పేచీ పెట్టింది.

"గురువారం దర్గాకి పోతా గదా, అది యాడ రాసినావు? మా మనవడి మెళ్లో తాయెత్తు ఆడిదే. వేళాంగణి మాతకి కొవ్వొత్తుల మొక్కు ఉండాది, అదీ రాసుకో."

"ఒక్కటే సెలెక్ట్ అవుతుంది అవ్వా," అంది చైత్ర. "రెండోది నొక్కితే మొదటిది పోతుంది."

"పోతే నీ మిషను పోతాది. నా దేవుళ్లు యాల పోతారు పాపా?"

ఇలాంటి జవాబులు ఏ లైబ్రరీలో దొరుకుతాయి చెప్పండి? అందుకే పిల్లల్ని వీధుల్లోకి పంపాలంటున్నాను!

తర్వాత మా వీధి సంఘం అధ్యక్షుడు అమరనాథ్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. మనిషి సాఫ్ట్, మాట వేర్వేరు. "యాక్చువల్లీ మా స్ట్రీట్ ఒక మినీ ఇండియా అమ్మా. లాస్ట్ ఇయర్ ఇంటర్నేషనల్ ఫుడ్ ఫెస్టివల్ కూడా పెట్టాం" అన్నాడు. అబద్ధమెందుకు, పెట్టాం. అందులో ఇంటర్నేషనల్ అన్నది గోబీ మంచూరియన్.

ఇక పదిహేడో ప్రశ్న: 'వేరే మతం వారికి, వేరే భాష వారికి మీ ఇల్లు అద్దెకు ఇస్తారా?'

వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్లు. ముప్పై ఎనిమిదీ 'అవును'! మతం అడిగితే అభిమతం చెప్పాం, అభిమతం అడిగితే సమ్మతం అన్నాం! "ఇయ్యక? బాడిగకు వచ్చేది మనిషి గదా, మతమా?" అంది అక్కయమ్మ. ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. నా వంతు వచ్చినప్పుడు ఉత్త 'అవును' చాలదనిపించి, ఇంకా పెద్దది లేదా అని అడిగాను. 'ఖచ్చితంగా అవును' అని కూడా ఉందట. అదే పెట్టించాను. ఇల్లు చిన్నదే గానీ హృదయం డూప్లెక్స్ మరి!

పైగా తహసీన్‌ది కదిరి అని తెలిసింది. మాది ముదిగుబ్బ! పక్కపక్క ఊళ్లు! బెంగళూరుకొచ్చి పాతికేళ్లయినా కదిరి మల్లెపూల మాట వస్తే నేను ఆగను. నరసింహస్వామి తేరు నాడు మిరియాలు చల్లడం గురించి ఆ పిల్ల నాకంటే బాగా చెప్పింది. "మన పిల్ల, మన ఊరి పిల్ల!" అని వీధంతా వినిపించేలా అరిచి, నా చేత్తో కాఫీ కలిపి ఇచ్చాను. అందరం కలిసి ఫొటో దిగి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. నలభై దండాలు వచ్చాయి.

అక్కడితో పరిశోధన ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ట్యాబు మూసేసి తహసీన్ అంది. "అంకుల్, ఇది ఫారంలో లేదు. మేముండే పీజీ హాస్టల్ బిల్డింగు పడగొడతాండారు. నెలాఖరులోపు ఖాళీ చేయాల. మీ వీధిలో మూడు టు-లెట్ బోర్డులు చూసినాను. నేనూ, నాగాలాండ్ నుంచి వచ్చిన నా ఫ్రెండూ ఉంటాం. ఇక్కడైతే కాలేజీకి ఒక్క బస్సు. దూరం పోతే సాయంత్రాలు ఫీల్డుకి రాలేను, ఈ ప్రాజెక్టు వదులుకోవాల్సిందే."

మూడు బోర్డులూ ఎవరివంటారా? ఒకటి అక్కయమ్మ రెండో అంతస్తుది, ఒకటి అమరనాథ్ వెనక పోర్షనుది, ఒకటి మా మేడ మీద గదులది.

అప్పుడు మొదలైంది అసలైన ఫీల్డ్ రిసెర్చ్! వాళ్ల ఫారంలో ప్రశ్నలు ఇరవై రెండు. మాది కాగితం లేని ఫారం, ప్రశ్నలు అరవైకి తక్కువ ఉండవు. పూర్తి పేరేంటి? నాన్నగారేం చేస్తారు? అన్నదమ్ములున్నారా? ఉంటే వస్తుంటారా? వస్తే రాత్రి ఉంటారా? పండక్కి ఎంతమంది వస్తారు? ఏం వండుతారు? కిటికీ తెరిచి వండుతారా, మూసి వండుతారా? మామూలుగా ఎవరొచ్చినా మేం కులాసాగానే మాట్లాడతాం. 'కులాసా'లో మొదటి రెండక్షరాలు తెలిసేదాకా! ఈ పిల్ల విషయంలో ఐడీ కార్డు మీద పేరే ఉంది కనుక ఆ శ్రమ తప్పింది. నాగాలాండ్ అమ్మాయి వంట మీద మాత్రం పది అనుబంధ ప్రశ్నలు వేశాం.

తహసీన్ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ట్రైనింగ్ అటువంటిది.

"నాకేమీ లేదు పాపా, ఇద్దును," అంది అక్కయమ్మ. "మా మరిది కొడుకు హోసూరు నుంచి వస్తానంటా ఉండాడు." ఆ మరిది కొడుకు రెండేళ్లుగా వస్తానంటూనే ఉన్నాడు. హోసూరు ఇంత దూరమని నాకు తెలియదు.

"పర్సనల్‌గా నాకు నో ఇష్యూస్," అన్నాడు అమరనాథ్. "బట్ పెయింటింగ్ పెండింగ్‌లో ఉంది."

"ఎప్పటికి అవుతుంది సార్?"

"ఇంకా కలర్ డిసైడ్ అవ్వాలి కదమ్మా."

ఇక నా వంతు. మన ఊరి పిల్ల! నేనేమన్నానంటే, "నాకేం అభ్యంతరమమ్మా! కాకపోతే మా ఆవిడకి మడీ, ఆచారం కొంచెం ఎక్కువ."

చూశారా, ఎవరం ఒక్క పరుషమైన మాట అనలేదు! 'ఇవ్వం' అన్న మాట ఎవరి నోటా రాలేదు! అంత సంస్కారం గల వీధి మాది. మాకది టు-లెట్ బోర్డు, ఆ పిల్ల వచ్చేసరికే టూ లేట్ బోర్డు, అంతే తేడా.

తహసీన్ నవ్వింది. "పర్లేదంకుల్. నేనడిగిన తొమ్మిదో వీధి ఇది. మీరు కాఫీ అన్నా ఇచ్చినారు. థ్యాంక్స్."

వ్యంగ్యం రాసుకుని బతికేవాణ్ని. ఆ మాటలో వ్యంగ్యం ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. అదే కష్టంగా ఉంది.

కాసేపటికి మా ఆవిడ వరూధిని మార్కెట్ నుంచి వచ్చింది. జరిగింది ఆవిడకి అప్పటికే అక్కయమ్మ చెప్పేసింది, మడితో సహా.

"నాకు మడేంటండీ? ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడేదెవరు?"

"అది కాదు వరూధినీ..."

"ఇద్దరాడపిల్లలు. మేడ మీద ఒక అలికిడి ఉంటుందని నేనే కదా ఆ బోర్డు కట్టించింది! నన్ను ఒక్క మాట అడగరా? ఆ పిల్లకి ఫోన్ చెయ్యండి."

"నంబరు లేదు."

"అరవై ప్రశ్నలు అడిగారట కదా! ఫోన్ నంబరు ఒక్కటీ అడగలేదా?"

నిజమే సుమా. మా ఫారంలో అదొక్కటే లోపం.

ఆర్నెల్ల తర్వాత సర్వే రెండో విడత వచ్చింది. చైత్ర ఒక్కతే వచ్చింది. వరూధిని గేటు దగ్గరికి పరిగెత్తి, "తహసీన్ ఏదమ్మా? మేడ మీద గదులు ఇంకా ఖాళీయే" అంది.

"బొమ్మసంద్రలో దొరికిందాంటీ. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అక్క తన రూమ్‌లో చోటిచ్చింది. కాలేజీకి మూడు బస్సులు. ప్రాజెక్టు వదిలేసింది." చైత్రది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సొంత ఇల్లు. ఆమెకి ఏ బోర్డుతోనూ పని లేదు.

ట్యాబు తెరిచి పదిహేడో ప్రశ్న మళ్లీ అడిగింది. వీధి వీధంతా మళ్లీ 'అవును' అంది, ఈసారి ఇంకా ధైర్యంగా. అడిగే మనిషికి ఇల్లుంటే జవాబు చెప్పడం ఎంత హాయిగా ఉంటుందో!

చివర్లో కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు. 'గత ఆరు నెలల్లో వేరే మతం వారు, వేరే భాష వారు మీ వీధికి కొత్తగా ఎవరైనా వచ్చారా?'

మా అందరి తరఫునా అమరనాథే జవాబు చెప్పాడు. మొహంలో నిజమైన బాధ. "లేదమ్మా. మూడు బోర్డులు కట్టుకుని ఎదురు చూస్తున్నాం. ఎవ్వరూ రావట్లేదు!"

చైత్ర రాసుకోలేదు. నా వైపు చూసింది. వరూధిని కూడా నా వైపే చూసింది.

నేను అవునన్నట్టు తల ఊపాను. ఇన్ని మతాలు, ఇన్ని భాషలు ఉన్న వీధి. ముప్పై ఎనిమిది ఇళ్లూ ఒకే మాట మీద ఉన్నప్పుడు ఒక్కడు వేరేగా చెబితే డేటా పాడైపోదూ!