జెన్ వాడే విధానం

జెన్‌ను తర్కంతో వివరించలేమనేవాళ్లు ఉత్త బద్ధకస్తులు! వివరించడం చేతకాక నోరు మూసుకుని, ఆ మూసుకోవడానికే జ్ఞానమని పేరు పెట్టారు.

నేను అలాంటివాణ్ని కాను. వాషింగ్ మెషిన్ కొంటే అట్టపెట్టెలో ఓ చిన్న పుస్తకం వస్తుందే, ముప్పై ఏళ్లు అది రాసి రిటైరైనవాణ్ని. చదవలేదా? పర్లేదు, ఎవరూ చదవలేదు. అయినా మెషిన్లు తిరుగుతున్నాయి కదా! మరి మనసు తిరగడం ఆపడానికి మాత్రం పుస్తకం ఎందుకు పనికిరాదు?

అందుకే జెన్‌ను పదిహేడు మెట్లుగా విడగొట్టాను. బొమ్మలు, బాణాలు, రెండు ఫ్లోచార్టులు. ‘ఆలోచన ఆగిందా? ఆగితే పన్నెండో మెట్టుకు వెళ్లండి. ఆగకపోతే ఎందుకు ఆగలేదో బాగా ఆలోచించండి.’ చివర్లో హెచ్చరిక కూడా ఇచ్చాను: జ్ఞానోదయం కాగానే గబుక్కున లేవరాదు, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. ఇంత జాగ్రత్త ఏ గురువు తీసుకున్నాడండీ?

పరీక్షించకుండా నేను దేన్నీ బయటికి వదలను. ముందు పక్కింటాయన్ని కూర్చోబెట్టాను. నాలుగో మెట్టు దగ్గర, స్టవ్ మీద పాలున్నాయని వెళ్లిన మనిషి వారమైనా రాలేదు. పాలు అన్నాళ్లు కాగుతాయా?

ఇంతలో మా అక్క వచ్చింది. బావ పోయి మూడు నెలలైంది, ఓ నెల నా దగ్గర ఉండి వెళ్దామని. రోజూ పొద్దున కాఫీ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఆ బొమ్మల కాగితాలు ముందేసుకుని వివరించాను. ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక్కసారి విసుక్కోలేదు. ముఖంలో ఎంత ప్రశాంతత! ఇంతకన్నా రుజువేం కావాలి? పుస్తకం అట్ట మీద ఆవిడ ఫొటో వేయాలని కూడా నిర్ణయించేశాను.

నిన్న అక్క ప్రయాణం. పెట్టె సర్దుతుంటే చీరల మధ్య చిన్న డబ్బా కనిపించింది. తెరిస్తే చెవి మిషన్. కొత్తది. బ్యాటరీ మీద కాగితం కూడా ఊడదీయలేదు.

అక్కకు చెవులు సరిగా వినపడవన్న సంగతే నాకు తెలియదు!

నా చేతిలోంచి డబ్బా తీసుకుని, కాగితం ఊడదీసి, మిషన్ చెవికి పెట్టుకుంది.

“పెట్టుకునే అవసరమే రాలేదురా. ఎప్పుడో ఒకప్పుడు ఆ కాగితాలు పక్కన పెట్టి ‘బావ లేకుండా ఎలా ఉంటున్నావక్కా’ అని అడుగుతావు కదా, అప్పుడు పెట్టుకుందాంలే అనుకున్నా.”

చచ్చేంత సిగ్గేసింది. పదిహేడు మెట్లు రాశాను, వాటిలో ఎదుటి మనిషిని పలకరించే మెట్టు ఒక్కటీ లేదు. ఇప్పటికైనా ఆ ఒక్క మాట అడిగేస్తే సరిపోయేది. నోరు తెరిచాను.

“నేనెందుకు అడగలేదంటే అక్కా, దానికి మూడు కారణాలున్నాయి. మొదటిది...”

అక్క మిషన్ తీసి డబ్బాలో పెట్టుకుంది. ముఖంలో మళ్లీ అదే ప్రశాంతత.