కదిలే మెట్లూ, కదలని అల్లుడూ

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. మా వీధి చివర, నేల కింద, రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ ఉంది. అక్కడి కదిలే మెట్లంటే నాకు చచ్చేంత భయం. అందుకే రెండేళ్లుగా ఆఫీసుకి బస్సులో వెళుతూ, ఇంట్లో మాత్రం మెట్రో అని కోతలు కోస్తున్నాను.

మొన్న పొద్దున్నే మా ఆవిడ బాంబు పేల్చింది.

"ఏమండీ, పదకొండింటికి అమ్మకి కంటి ఆపరేషన్. నాకు సెలవు దొరకలేదు. కింద లైను మారాలట. మీకు కొట్టినపిండే కదా, తీసుకెళ్లండి."

"టాక్సీలో వెళితే?"

"రోడ్డంతా తవ్వేశారు. ఇవాళ తప్పితే డాక్టరు మళ్లీ మూడు నెలలకి గానీ దొరకడు. రోజూ వెళ్లేవారికి టాక్సీ ఎందుకండీ?"

"అబ్బే, అత్తయ్యగారి సుఖం కోసం..."

"ఆవిడ సుఖం ఆవిడ చూసుకుంటుంది. మీరు దారి చూడండి."

సరే, పథకం వేశాను. అత్తయ్యగారి మోకాళ్ల వంక పెట్టి లిఫ్టులో దిగిపోవాలి. తీరా వెళితే లిఫ్టుకి 'మరమ్మతులు' అని బోర్డు! నా గుండె జారి అరికాళ్లలో పడింది.

"మెట్లున్నాయిగా బాబూ" అంటూ ఆ మసక కళ్లావిడ, రెయిలింగు తడుముకుని దర్జాగా కదిలే మెట్టెక్కేశారు. నేను కాలు పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. వెనక జనం "నడవండి సార్!" అని అరుస్తుండగానే ఆవిడ కిందికి పోయి మాయమయ్యారు. ఆవిడ ఫోనూ, డాక్టరు చీటీ నా జేబులోనే ఉన్నాయి.

ఓ మూల కనిపించిన అత్యవసర మెట్ల మీదుగా పరిగెత్తితే వేరే లైను ప్లాట్‌ఫాం మీద తేలాను. సొరంగంలోంచి రైలు హోరుమంటూ రాగానే స్తంభాన్ని కౌగిలించుకున్నాను. ఆవిడ పట్టాల మీద పడిపోయి ఉంటే? ఆపరేషన్ తప్పిపోతే? మా ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? నిజంగానే ఏడుపొచ్చింది. ఎవరినైనా అడుగుదామంటే నోరు పెగల్లేదు.

అప్పుడు మైకు మోగింది.

"తప్పిపోయిన అల్లుడుగారికి విజ్ఞప్తి. నీలం చొక్కా, బట్టతల, భయపడుతూ ఉంటారు. మీ అత్తగారు స్టేషన్ మాస్టరు గదిలో ఉన్నారు. కంగారుపడకుండా ఉన్నచోటే ఉండండి, మనిషిని పంపుతున్నాం."

ప్లాట్‌ఫాం మొత్తం నా తల వైపు తిరిగింది.

గార్డు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లాడు. అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని తాపీగా మంచినీళ్లు తాగుతున్నారు. గడియారం పదింపావు చూపిస్తోంది.

"ఇక్కడికెలా వచ్చారండీ?"

"నోరుంది కదా బాబూ, అడిగాను."

"మరి నేను భయపడతానని..."

"అమ్మాయి నిన్ననే చెప్పింది. రెండేళ్ల నుంచీ మీ చొక్కా జేబుల్లో బస్సు టిక్కెట్లేనట. ఆయన్ని జాగ్రత్తగా చూసుకోమ్మా అని మిమ్మల్ని నాకు ఒప్పజెప్పింది."

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. తిరుగు ప్రయాణంలో, పైకెళ్లే మెట్ల ముందు మళ్లీ బిగుసుకుపోయాను. ఒక కంటికి కట్టుతో ఉన్న అత్తయ్యగారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"నాకీ మసక కన్ను ఒక్కటి చాలు బాబూ. మీరు రెండూ మూసుకోండి."

మూసుకున్నాను.