ఐలయ్య ఫ్రెంచి ట్యూషను

జగిత్యాలలో మోటార్లకు వైండింగు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లలో ఫ్రెంచి వచ్చినవాడు ఐలయ్య ఒక్కడే. ఆ సంగతి చెప్పింది కూడా ఐలయ్యే.

దుబాయిలో ఉన్నప్పుడు అతను ఒక ఫ్రాన్సు ఇంజనీరు కింద పనిచేశాడు. ఆ ఇంజనీరు పొద్దున 'బోంజూర్' అనేవాడు, సాయంత్రం 'మెర్సీ' అనేవాడు. మధ్యలో ఏమైనా చెప్పాల్సి వస్తే హిందీలో తిట్టేవాడు. ఆ రెండు ముక్కలనే ఐలయ్య ఇంటికి తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడుకున్నాడు. కూతురు ప్రవళిక ఇంటర్లో చేరేటప్పుడు, రెండో భాషగా తెలుగు కన్నా ఫ్రెంచిలో మార్కులు ఎక్కువ పడతాయని ఎవరో చెబితే, "ఇంట్ల నేనున్న గద బిడ్డా" అని ధైర్యం చెప్పాడు. ఆ తర్వాత ఆమె ఫ్రెంచి పుస్తకం మొహం చూడలేదు.

ఆదివారం నాడు కోరుట్లలో అతని భార్య బాలమణికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తున్నారు, అంటే పసుపు బియ్యం ఒడిలో పోసి దీవిస్తారు. ఆలుమగలు పక్కపక్కన పీటల మీద కూర్చోవాలి. ఐలయ్య దుబాయిలో ఉన్నన్నాళ్లూ బాలమణి ఒక్కతే కూర్చుని పోయించుకుంది. ఈసారన్నా పక్క పీట మీద మనిషి ఉండాలని ఆమె ఆశ.

ఐలయ్య ఆశ వేరు. ఇల్లు ఖాళీ అయితే దోస్తు ఎర్రయ్య చేపలూ కల్లూ పట్టుకొస్తానన్నాడు. పైగా కోరుట్ల వెళితే బామ్మర్ది మహేశ్ పలకరింపుకు ముందే ఏదో పాడైపోయిన మోటారు తెచ్చి ఎదుట పెడతాడు.

అందుకని శుక్రవారం అన్నం తింటూ పాచిక వేశాడు.

"సోమారం బిడ్డకు ఫ్రెంచి పరీక్ష గద. నేనుండి సదివిపిస్త. నువ్వు పొయ్యిరా."

బాలమణి గరిటె ఆపి కూతురి వైపు చూసింది. కూతురు కంచం వైపు చూసింది.

"నీకు ఫ్రెంచి వస్తది గద, నేనే మర్శిపోయిన," అంది బాలమణి. "గట్లనే సదివిపియ్యి. ఇయ్యాల్నే షురూ చెయ్యి."

భార్య ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం ఐలయ్యకు అలవాటు లేదు. గెలిచిన సంబరంలో రెండోసారి పెరుగు వేయించుకున్నాడు.

చేయి కడుక్కుని వచ్చేసరికి పుస్తకం సిద్ధంగా ఉంది.

"బాపూ, మాంజే అంటే తినుడు. దాన్ని ప్లూస్ క పర్‌ఫేల చెప్పు."

"గదేంది?"

"భూతకాలానికి ముందటి భూతకాలం. ఒక పని అయ్యేటాళ్లకే ఇంకో పని అయిపోయి ఉండాలె. నువ్వు ఇంటికొచ్చేటాళ్లకే మేం తినేసి ఉన్నం అన్నట్టు."

"నన్నిడిశిపెట్టి ఎప్పుడు తిన్నరే?"

"ఉదాహరణ బాపూ."

ఐలయ్య గొంతు సవరించుకున్నాడు. "దుబాయిల గీ కాలం వాడరు బిడ్డా. ఆడ పని అయితే అయినట్టు, లేకుంటే లేనట్టు. ముందటి దానికి ముందటిదంటే ఇంజనీరు ఊకోడు."

"పరీక్షల అడుగుతరు. జావే మాంజే, త్యు ఆవే మాంజే, ఇల్ ఆవే మాంజే. నేను, నువ్వు, ఆయన. అను."

"మూడూ ఒక్క తీర్గనే ఉన్నయి గద."

"రాసేటప్పుడు వేరే ఉంటయి."

"గట్లయితే రాసుకో," అని ఐలయ్య లేవబోయాడు. గడప దగ్గర బాలమణి కాళ్లు బారచాపుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. దాటే సందు లేదు.

"'మేము'కు నూజావ్యోఁ, గది గూడ చెప్పియ్యి," అంది ప్రవళిక.

శనివారం కూడా అదే తంతు. దుకాణంలో తీగ చుడుతూ ఐలయ్య "వూజావ్యే మాంజే" అని గొణుక్కుంటుంటే, మోటారు తెచ్చిన రైతు "జరమొచ్చిందా అన్నా?" అని జాలిపడ్డాడు.

ఆదివారం బాలమణి కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. బస్టాండు ఊసే లేదు. ఐలయ్య గడియారం చూసి చూసి ఇక ఆగలేకపోయాడు.

"బస్సు పోతది గదనే."

"పోనీ. బిడ్డ సదువు చెడగొట్టుడెందుకని మావోళ్లనే ఈడికి రమ్మన్న. బియ్యం ఏడ పోస్తేంది."

ఆ మాట పూర్తికాకముందే వాకిట్లో వ్యాను ఆగింది. అత్త సత్యవ్వ దిగింది, బామ్మర్ది దిగాడు, కోరుట్ల వాడకట్టు సగం దిగింది. ఆఖర్న ఒక కాలిపోయిన బోరు మోటారు దిగింది.

"నువ్వొస్తలేవంటే నేనే తెచ్చిన బావా," అన్నాడు మహేశ్ ప్రేమగా.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తోసుకుని ఎర్రయ్య వచ్చాడు. ఒక చేతిలో చేపల సంచి, ఇంకో చేతిలో కల్లు సీసాలు. "ఐలన్నా, వదినె పోయిందా?" అని కేక వేసి, ఇంటినిండా ఉన్న జనాన్ని చూసి గోడకు అతుక్కున్నాడు.

"గీ చేపలేంది అల్లుడా?" అంది సత్యవ్వ.

"మీకోసమే అత్తా."

"మేమొస్తున్నమని నీకెట్ల ఎరుక?" అన్నాడు మహేశ్.

ఐలయ్య ఎర్రయ్య చేతిలోని సంచి లాక్కుని అత్త చేతిలో పెట్టాడు. చేపలు వంటింట్లోకి వెళ్లాయి. సీసాలను కోరుట్ల మగవాళ్లు చాలా మర్యాదగా అందుకున్నారు.

పీటలు వేశారు. బాలమణి పక్కన ఐలయ్యను కూర్చోబెట్టారు. బియ్యానికి పసుపు కలుపుతూ సత్యవ్వ, "అల్లుడు ఫ్రెంచి మాట్లాడుతడంటరు. ఒక్కపారి ఇననీయ్యి," అంది.

ఐలయ్య కళ్లు మూసుకుని మొదటి జావే నుంచి ఆఖరి ఇల్జావే దాకా తడబడకుండా అప్పజెప్పాడు. చుట్టాలు నోళ్లు తెరిచారు. ఒక ముసలామె దండం పెట్టింది. దుబాయి నుంచి వచ్చాక అతను ఫ్రెంచిలో నిజంగా మాట్లాడింది అదే మొదలు. కాస్త గర్వంగా భార్య వైపు తిరిగాడు.

బాలమణి ఒడి పట్టి, తలెత్తకుండానే మెల్లగా అంది. "పరీక్ష మొన్న బుధారమే అయిపోయింది."

"మరి గీ రెండొద్దులు నాతోని..."

"బిడ్డను నేనే కూసోమన్న. పరీక్ష ఎప్పుడని నువ్వడుగలే, మేం చెప్పలే."

ఐలయ్యకు తల కొట్టేసినట్లయింది. చేపలు పోయినందుకు కాదు. కన్నబిడ్డ పరీక్ష రాసి వచ్చిందని తెలియకుండా అదే ఇంట్లో తిరిగినందుకు నిజంగానే సిగ్గేసింది. లేచి పోదామంటే చుట్టూ అత్తవారి బలగం.

"మంచిగ రాసిందా?" అన్నాడు చివరికి.

"రాసిందట," అంది బాలమణి. ఆమె మొహంలో నవ్వు దాగడం లేదు. "నెత్తి వంచు. మా అవ్వ బొట్టు పెడుతది."

ఐలయ్య అత్త ముందు తల వంచాడు.